ముందు వారికి చెప్పండి

ఆ గురువారం పొద్దున్న నాగసతీష్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. రొయ్యల రైతుల సంఘం ఆఫీసుకు వెళ్లాలి, కంప్యూటర్ తెరవాలి, ఒక మీట నొక్కాలి, భోజనం వేళకు ఇంటికి రావాలి. ఇంత చిన్న కార్యక్రమం పెట్టుకున్న మనిషికి న్యాయానికి ఏ కష్టమూ రాకూడదు. కానీ ఆ మీట వెనక అతను ఆరు నెలలుగా ఖర్చుపెట్టిన తెలివి చాలా ఉంది. కష్టం అక్కణ్ణించి వచ్చింది.

నాగసతీష్‌ది రాజోలు. కాకినాడలో కంప్యూటర్లు చదివి, ఉప్పలగుప్తం సత్యనారాయణమూర్తిగారి అమ్మాయి సత్యప్రియను పెళ్లాడి, రెండువేల ఏడు నాటికి అత్తవారి ఊళ్లోనే కుదురుకున్నాడు. మూర్తిగారు సంఘానికి ప్రెసిడెంటు. ఆయనకు అల్లుడు గనుక నాగసతీష్ ఊరందరికీ అల్లుడుగారే. అప్పటిదాకా సంఘం కబురేదైనా సైకిలు మీద ఒక మనిషి వెళ్లి చెప్పి వచ్చేవాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని మజ్జిగ ఇవ్వకుండా పంపే అలవాటు ఎవరికీ లేదు. అందువల్ల పొద్దున్న బయల్దేరిన కబురు సాయంత్రానికి సగం చెరువులకు చేరేది.

నాగసతీష్ దీనికి విరుగుడుగా ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ఎవరికి ఎలా ఇష్టమో అలా కబురు అందించడం దాని గొప్ప. ఒకరికి ఫోన్ మోగాలి, ఒకరికి మెసేజ్ చాలు, ఇంకొకరిని మధ్యాహ్నం కునుకులో కదపకూడదు. అవన్నీ నియమాలుగా రాసిపెడితే మిగతాది యంత్రం చూసుకుంటుంది. సంఘంలో చాలామంది దీన్ని అనుమానంగా చూశారు. అప్పుడు లేచి నిలబడింది సూర్యకాంతం ఒక్కతే.

"అబ్బాయి చదువుకున్నవాడండి. మన కోసం చేస్తానంటే వద్దంటామా? నా చెరువు కబుర్లన్నీ అందులోనే పెట్టించండి" అంది.

సూర్యకాంతానికి భర్త పోయాక మిగిలింది ఒకే ఒక్క చెరువు. గట్టు మీద కాపలాకు మనిషిని కూడా పెట్టుకోలేక అన్నీ తనే చూసుకునేది. కిందటి పంట రోగం వచ్చి మొత్తం పోయింది. ఈసారి రొయ్య బాగా ఎదిగింది, శనివారమే వల వేసి పట్టుబడి. ఇది కూడా పోతే చెరువు ఇంకొకరికి వదిలేసుకోవడమేనని ఊళ్లో అందరికీ తెలుసు. ఆవిడ మాట వల్లే సంఘం ఒప్పుకుంది కాబట్టి, నాగసతీష్‌కు ఆవిడంటే దేవుడి తర్వాత దేవుడంత గౌరవం.

ఇష్టాలు కనుక్కోవడానికి అతను ఇల్లిల్లూ తిరిగాడు.

"మీకు కబురు ఎలా కావాలండీ?"

"మీ ఇష్టమండి."

"నా ఇష్టం కాదండీ, మీ ఇష్టం చెప్పాలి."

"అయితే ముందు బుల్లబ్బాయిగారికి చెప్పండి. వారికి చెప్పకుండా మాకు చెబితే ఏం బాగుంటుందండీ."

దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు. బుల్లబ్బాయి ఆ చుట్టుపక్కల పెద్ద రైతు, వయసులోనూ పెద్ద. ఆయన దగ్గరికి వెళితే, "ప్రెసిడెంటుగారు ఉండగా నాకు ముందేంటండీ. మూర్తిగారికి అందేకే నాకు" అన్నాడు. సొంత మావగారిని అడిగితే ఆయన కండువా సర్దుకుని, "ప్రెసిడెంటునని ముందు నేను వింటే నలుగురూ ఏమనుకుంటారు అల్లుడుగారూ? అందరికీ అందేక, ఆఖర్న నాకు చెప్పండి" అన్నారు. నాగసతీష్ ఒక్క మాట కూడా మార్చకుండా అన్నీ నియమాలుగా రాశాడు. ఇంత మర్యాద తెలిసిన సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో మరొకటి లేదని ఆ రాత్రి భార్యతో అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

గురువారం అతను ఆఫీసు తలుపు తీసేసరికి సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. లైను మరమ్మతు ఉంది, పదకొండింటికి కరెంటు తీస్తాం, సాయంత్రం దాకా రాదు. మామూలు రోజైతే ఇది పెద్ద విషయం కాదు. కానీ మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. ఎండ లేనప్పుడు నీటిలో గాలి తగ్గిపోతుంది, చెరువులో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటేనే రొయ్యకు ఊపిరి. అవి ఆగితే కాసేపట్లో పంటంతా పైకి తేలుతుంది. ఎవరి జనరేటరు వాళ్లు ముందుగా సిద్ధం చేసుకోవాలి.

నాగసతీష్ మీట నొక్కాడు. 'నియమాల ప్రకారం పంపబడుతోంది' అని తెర మీద వచ్చింది. తృప్తిగా టీ తెప్పించుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌కు మొదటి నిజమైన పని పడిందని సత్యప్రియకు ఫోన్ చేసి చెప్పాడు. టీ అయ్యాక, పేపరు కూడా అయ్యాక చూస్తే, అందినవారు సున్నా అని ఉంది.

లోకమంతా బుల్లబ్బాయి కోసం ఆగింది. బుల్లబ్బాయి మూర్తిగారి కోసం ఆగాడు. మూర్తిగారు లోకం కోసం ఆగారు. యంత్రం మాత్రం ఎవరి మర్యాదకూ లోటు రాకుండా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అతను మావగారికి ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, అర్జెంటు కబురండి."

"అందరికీ చెప్పేరా?"

"ఇంకా లేదండీ, ముందు మీరు వింటే..."

"తప్పు కదండీ. ముందు బుల్లబ్బాయిగారికి చెప్పండి" అని ఆయన పెట్టేశారు. బుల్లబ్బాయికి చేశాడు.

"మూర్తిగారికి చెప్పేరా బాబూ?"

"వారు ముందు మీకు చెప్పమన్నారండి."

"వారి మర్యాద కొద్దీ వారు అలాగే అంటారు. మనం వినకూడదు. ఉంటానండి."

నాగసతీష్ గడియారం చూసుకున్నాడు. ఇక ఆలోచించే వ్యవధి లేదని నియమాలన్నీ ఒక్కసారే చెరిపేశాడు. ఎవరి ఇష్టమూ తెలియనప్పుడు ఏం చేయాలో కూడా అతనే రాసి పెట్టాడు. అందరికీ ఫోన్ చెయ్యాలి, విన్నామని ఒకటి అంకె నొక్కేదాకా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉండాలి. కబురు చెప్పే గొంతు సత్యప్రియది. కరెంటు తీసే రోజుకని, వేళ ఒక్కటీ మార్చుకునేలా, ముందే రికార్డు చేసిపెట్టారు. పెద్దవాళ్లకు ఫోన్ చేసి ఎవరో చెప్పుకోకుండా విషయంలోకి దిగడం మర్యాద కాదని మూర్తిగారు పట్టుబట్టడంతో, ఆ కబురు పరిచయంతో మొదలయ్యేది.

బుల్లబ్బాయి ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. నేను మూర్తిగారి అమ్మాయి సత్యప్రియనండి."

"ఆయ్, చెప్పమ్మా, బాగున్నావా? నాన్నగారు కులాసానా? అల్లుడుగారు ఇందాకే ఫోన్ చేసేరు. అమ్మగారికి మోకాలినొప్పి తగ్గిందా? పిల్లాడు బడికి వెళ్తున్నాడా?"

ఇంటి ఆడపడుచు పలకరిస్తే కుశలం అడగకుండా ఊరుకునే మనిషి ఆ ప్రాంతంలో పుట్టలేదు. ఆయన పిల్లాడి దాకా వచ్చేసరికి కరెంటు మాటంతా అయిపోయి అవతల ఫోన్ కట్టయింది. రెండు నిమిషాలకు మళ్లీ మోగింది. మళ్లీ అదే పరిచయం, మళ్లీ ఈయన కుశలం, మళ్లీ కట్టు. నాలుగోసారికి బుల్లబ్బాయి గొంతు మారింది.

"పాపం, అమ్మాయి ఏదో చెప్పబోయి చెప్పలేకపోతోందే. పేరు చెప్పి పెట్టేస్తోంది" అన్నాడు భార్యతో. "మూర్తిగారికేదో అయింది. ఇందాక అల్లుడుగారు ఏదో చెప్పబోతే నాకప్పుడు తట్టలేదు. తెల్లబట్టలు తియ్యి."

ఇలాంటి సంభాషణే నూటముప్పై ఇళ్లలో కొద్ది తేడాతో జరిగింది.

మూర్తిగారు, అందరికీ అందేదాకా తను వినకూడదని ఫోన్ కట్టేసి, వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని గోళ్లు తీసుకుంటున్నారు. తెల్లపంచెలో బుల్లబ్బాయి వచ్చి, చేతులు పట్టుకుని, "ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నాడు. బాగానే ఉందని మూర్తిగారు అన్నారు. తర్వాత మరో నలుగురు వచ్చి అదే అడిగారు. ఒకాయన కొబ్బరిబొండాల గెల దింపాడు. ఇంకొకాయన అమలాపురంలో మంచి గుండె డాక్టరు ఉన్నాడని చెప్పాడు. వచ్చినవాళ్ల మాట కొట్టేయడం మూర్తిగారికి చేతకాదు. పైగా ఇంతమంది అనుకుంటుంటే ఎంతో కొంత ఉండకపోదని ఆయనకే అనుమానం వచ్చింది. లోపలికి వెళ్లి మంచం మీద వాలారు. ఆయన వాలడం చూసి బయట ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. సత్యప్రియ కాఫీలు అందిస్తూ, "నేనెవరికీ ఫోన్ చెయ్యలేదండి" అంటుంటే, ఆ పిల్ల గుండెదిటవుకు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

ఆఫీసులో నాగసతీష్ తెర వంకే చూస్తున్నాడు. నూటముప్పైమంది ఫోనెత్తారు, ఒక్కరూ ఒకటి నొక్కలేదు. సూర్యకాంతానికి తనే ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఆవిడతోనే మాట్లాడుతున్నందువల్ల లైను ఖాళీగా లేదు. ఇక కంప్యూటర్ కట్టేసి, స్కూటర్ వేసుకుని ఆవిడ చెరువు దగ్గరకి పోయాడు. గట్టు మీద మేత బస్తా ఉంది, ఆవిడ లేదు. అటు నుంచి ఊళ్లోకి వస్తే మావగారి ఇంటి ముందు మోటారు సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి, అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. స్కూటర్ అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాడు.

"మావయ్యగారికి ఏమైందండీ?"

"అదే మేమూ మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నామండి" అన్నాడు బుల్లబ్బాయి. "అమ్మాయి చేత ఇన్నిసార్లు ఫోన్ చేయించేరు కదా."

నాగసతీష్ గోడకు ఆనుకున్నాడు. "అది రికార్డండీ. పదకొండింటికి కరెంటు తీసేస్తున్నారని చెప్పడానికండి."

అతని మాట ముగిసే సరికి నెత్తి మీద ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. అందరూ కాసేపు ఆ ఫ్యాను వంకే చూశారు. తక్కిన చెరువుల మీద కాపలా మనుషులు ఉన్నారు, జనరేటర్లు వాళ్లే వేసుకుంటారు. జనంలోంచి ఒక్క సూర్యకాంతం మాత్రం చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదకి పరుగు తీసింది.

అందరూ ఆవిడ వెనకే వెళ్లారు. వెళ్లేసరికి ఆవిడ జనరేటరు తిప్పుతోంది. రెండు తిప్పులకు దాని బెల్టు తెగిపోయింది. తెగిన ముక్క చేతిలో పట్టుకుని ఆవిడ నీళ్ల వైపు చూస్తూ నిలబడింది. అప్పటికే గట్టు వెంబడి రొయ్యలు మీసాలు పైకి పెట్టి తిరుగుతున్నాయి.

"నా షెడ్డులో బెల్టుంది, ఎవరైనా బండి మీద పోయి తెండి" అన్నాడు బుల్లబ్బాయి. అంటూనే తెల్లపంచె పైకి దోపి, గట్టు మీది కొబ్బరిమట్ట ఒకటి లాగి నీళ్లలోకి దిగిపోయి బాదడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ తలో మట్టా పట్టుకుని చుట్టూ దిగారు. పరామర్శకు వచ్చిన మల్లెపువ్వుల్లాంటి బట్టలన్నీ బురదయ్యాయి. నీళ్లు ఎగిరి ఎగిరి పడుతున్నాయి. బెల్టు వచ్చేదాకా ఒక్కరూ చెయ్యి ఆపలేదు. అందరికంటే గట్టిగా బాదుతున్న మనిషి ఎవరా అని నాగసతీష్ చూస్తే, మూర్తిగారు. తను జబ్బుమనిషినన్న సంగతి ఆయన మర్చిపోయారు.

బెల్టు వచ్చింది, జనరేటరు అందుకుంది, చక్రాలు తిరిగాయి. కాసేపటికి గట్టు వెంబడి మీసాలు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగిపోయాయి. సూర్యకాంతం గట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాగసతీష్ ఆవిడ దగ్గరికెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు.

"తప్పంతా నాదండి అత్తయ్యగారూ. కబురు సరిగ్గా అందించలేకపోయాను."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "సరిగ్గా అందుంటే ఎవరి చెరువు దగ్గరకి వారు పోయేవారు కదా బాబూ. ఈ బెల్టు అప్పుడూ తెగేదే. నేనొక్కదాన్నీ ఇక్కడ ఏం చేసేదాన్ని?" అని, నీళ్లోడుతూ గట్టెక్కుతున్న వాళ్లందరికీ చేతులు జోడించింది. "మీ రుణం తీర్చుకోలేనండి."

"అంత మాటెందుకమ్మా. మూర్తిగార్ని చూడ్డానికి వచ్చేం, దారిలోనే కదా" అన్నాడు బుల్లబ్బాయి.

నాగసతీష్‌కు ఆ మనుషులందరి కాళ్లకూ దండం పెట్టాలనిపించింది. అంతమందికి పెట్టడానికి పొద్దు చాలదు కాబట్టి, బురదలో కూరుకుపోయిన చెప్పులు వెతికి ఎవరివి వారికి కడిగి ఇచ్చాడు.

శనివారం పట్టుబడి బాగా జరిగింది. ఆదివారం సంఘం సమావేశంలో, ఈ సాఫ్ట్‌వేర్ లాంటిది మరొకటి ఉండదని అందరూ ఏకగ్రీవంగా మెచ్చుకున్నారు. ఈసారి ఇష్టాలు అడిగితే ఎవరూ మొహమాటపడలేదు. అందరిదీ ఒకటే మాట.

"కబురు అందులో చెప్పక్కర్లేదండి. అమ్మాయి గొంతు వినిపించి పెట్టేయండి. మేమే వచ్చి మూర్తిగారి అరుగు మీద కనుక్కుంటాం."

నాగసతీష్ ఆ ఒక్క నియమమూ రాశాడు. చెయ్యడానికి పనేమీ మిగల్లేదు కనుక, ఆ సాఫ్ట్‌వేర్ ఆనాటి నుంచి ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు.