నవంబరు 16, భారీ వాన

పాలకుర్తికి దగ్గరి ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పే లక్ష్మీకాంత్ సారు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉండే ఒక పట్టణంలో ఏ నెలలో సగటున ఎన్ని డిగ్రీలుంటుందో పదో తరగతికి పట్టిక వేసి చూపించాలి. అక్కడ ఎండాకాలంలో చుక్క పడదనీ, వానలన్నీ చలికాలంలోనే అనీ పిల్లలు నమ్మితే చాలు, ఆ రోజుకు తన కొలువు సార్థకమైనట్టే అనుకున్నాడు.

తరగతిలో నల్లబల్లకు ముందు రోజే రంగు వేశారు. అదింకా ఆరలేదు. అందుకని పిల్లల్ని బయటికి తీసుకొచ్చి, గేటు పక్క గోడకున్న బల్ల మీద రాశాడు. పైన పట్టణం పేరు, దాని కింద 'నెల, సగటు డిగ్రీలు, వాన' అని మూడు గళ్లు. జనవరి, 11, వాన. ఆగస్టు, 26, ఎండ. నవంబరు, 16, భారీ వాన. డిసెంబరు, 13, వాన. పాఠం బాగా సాగింది. గంట కొట్టగానే సారు చేతుల సుద్ద దులుపుకుని లోపలికి వెళ్లాడు.

ఆ బల్ల నిజానికి మధ్యాహ్న భోజనం వండే బాలనర్సమ్మది. ఆ పూట వండేదేమిటో రోజూ అక్కడే రాయాలి. సారు రాసిందంతా చెరపడానికి ఆమెకు మనసొప్పలేదు. పై రెండు వరుసలు మాత్రం తడిగుడ్డతో తుడిచి, 'నేడు: గుడ్డు, పప్పుచారు' అని రాసి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ రోజు నవంబరు పదిహేను. బడి ముందు రోడ్డంతా ఊరి వడ్లు ఎండుతున్నాయి. నాలుగు రోజులుగా అక్కడే వడ్లు తిరగేస్తున్న కొమురయ్య, బాటిల్లో నీళ్లు నింపుకుందామని గేటు దగ్గరికొచ్చి బల్ల చదివాడు. నవంబరు, 16, భారీ వాన. బాటిల్ అక్కడే వదిలేసి ఉరికాడు.

"ఓ హరిలాలూ! రేపు పెద్ద వానంట! లక్ష్మీకాంత్ సారు తారీఖు ఏసి మరీ రాసిండు!"

ట్రాక్టరు నడిపే హరిలాల్ వచ్చి బల్లకు ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. గంటలో రోడ్డు మీది వడ్లన్నీ పక్కనున్న మిట్ట మీద కుప్పలయ్యాయి. పాలకుర్తిలో టార్పాలిన్లు అయిపోతే జనగామకు మనుషులు పోయారు. డిసెంబరు పదమూడున కూతురి పెళ్లి పెట్టుకున్న జగపతి షామియానా వద్దని ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నాడు.

బడి వదిలాక సారు గేటు దాటి చూస్తే రోడ్డు ఖాళీ. సంగతి తెలిసి ఆయన కుప్పల దగ్గరికి పరుగెత్తాడు.

"కొమురయ్యా, అది మన ఊరిది కాదు! ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న ఊరిది!"

"వాన సముద్రం కాన్నుంచే గద సారూ వచ్చేది?"

"పదహారంటే తారీఖు కాదయ్యా, డిగ్రీలు!"

"మీకు మస్తు డిగ్రీలున్నయని మాకెర్కనే. గందుకే నమ్మినం."

పదహారున పొద్దున్నే ఎండ ఫెళ్లున కాసింది. పదింటికి కూడా మబ్బు తునక లేదు. టార్పాలిన్ల కింద వడ్లు ఉక్కకు చెమరుస్తున్నాయి. తేమ పెరిగితే కొనుగోలు కేంద్రంలో వాటిని ముట్టుకోరు. మధ్యాహ్నానికి నలభై మంది గేటు ముందు చేరారు.

"వాన ఏది సారూ? వడ్లు మొలకొస్తే ఎవరు జిమ్మేదారు?" అన్నాడు హరిలాల్.

ఆరుగాలం కష్టం తన చేతిరాత వల్ల పాడవుతోందంటే సారు ఊరుకోలేకపోయాడు. లోపలి నుంచి ప్రపంచ పటం తెచ్చి గేటుకు తగిలించాడు.

"తప్పు నాదే. మొత్తం చెప్త, జర ఇనుండ్రి. ఇది మన దేశం. ఇగో, గిక్కడున్నది మధ్యధరా..."

ఉరిమింది.

ఆ వెనకే వచ్చిన గాలికి పటం ఎగిరిపోయింది. తూర్పు నుంచి మబ్బు తోసుకొచ్చి పావుగంటలో కుండపోత మొదలైంది. రెండు గంటలు కురిసింది. రోడ్డు వాగైంది. వడ్లు గనక అక్కడే ఆరబోసి ఉంటే ఒక్క గింజ దక్కేది కాదు. బడి వరండాలో తలదాచుకున్న నలభై మందీ వానను చూడటం మానేసి సారును చూస్తున్నారు.

వాన వెలిశాక హరిలాల్ వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి సారూ, నోరు జారిన." బాలనర్సమ్మ కళ్లు ఒత్తుకుంది. ఆమెవి కూడా రెండెకరాల వడ్లు ఆ కుప్పల్లోనే ఉన్నాయి. ఆ మర్యాద సారు తట్టుకోలేకపోయాడు.

"నాకేం తెల్వదు, నిజం. నేను రాసింది వేరే దేశపు ఊరి సంగతి. మన వాన దానంతటదే వచ్చింది."

కొమురయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు.

"గా ఊరోళ్లకు మనం ఎర్కేనా సారూ?"

"లేదు."

"ఎర్క లేకుంటనే గింత మేలు చేసిన్రా! గది ఏ దిక్కు?"

సారు పడమర చూపించాడు. కొమురయ్య తల మీది తువ్వాలు తీసి, అటు తిరిగి దండం పెట్టాడు. వెనకనున్న వాళ్లందరూ పెట్టారు.

"ఏడున్నా గా ఊరు సల్లగుండాలె," అన్నాడు కొమురయ్య.

లక్ష్మీకాంత్ సారు కూడా తడి కళ్లతో చేతులు జోడించాడు. జనవరిలో పదకొండు డిగ్రీలకు వణికే ఊరికి ఇంకా చల్లదనం దేనికని చెప్పే ధైర్యం మాత్రం ఆయనకు లేకపోయింది.