బండి వర్తకుల ఉమ్మడి మహాసభ

ఒక పెద్ద అడవిలో, పెద్దదని ఆ అడవి జంతువులే చెప్పుకునేవి గాని పక్క అడవివాళ్ళెవరూ ఒప్పుకోలేదు, బండ్ల వ్యాపారం మహా జోరుగా సాగుతుండేది.

బండి అంటే మరేం లేదు. ఏటికి అవతల వడ్రంగిపిట్టలు మద్దిదుంగల్ని గుండ్రంగా తొలిచి చక్రాలు చేసేవి. వెదురుబద్దలతో పైన పీట కట్టేవి. ఇవతలి ఒడ్డు దుకాణాలవాళ్ళు వాటిని తెచ్చి అమ్మేవాళ్ళు. రేవులో మొసలి ఉందని మిగతావాళ్ళెవరూ ఏరు దాటేవాళ్ళు కాదు, వర్తకులు ఎలా దాటుతున్నారని ఎవరూ అడగలేదు. కొన్న జంతువు తన బండిని తానే లాక్కుపోవాలి. ఎక్కి కూర్చుంటే లాగేవాడుండడు, లాగుతుంటే కూర్చునే వీలుండదు. అయినా బండి లేని ఇంటివాళ్ళని పేరంటాలకి పిలవడం మానేశారు గనక, కుందేలు దగ్గర్నుంచి కణుజు దాకా అందరూ కొనేవాళ్ళు.

దుకాణాలు నలభై మూడు. ఆ నలభై మూడింటికీ సదస్సులు మూడు.

మొదటిది గుంటనక్క పరాంకుశం నడిపే అఖిలారణ్య బండి వర్తక మహాసభ. రెండోది కొంగ శేషాచలం నడిపే సమస్తారణ్య శకట విక్రేతల విద్వత్సదస్సు. మూడోది అడవిపంది బుల్లెబ్బాయి నడిపే బండి దుకాణాల సంబరం. మూడింటిలోనూ మాట్లాడే విషయం ఒకటే, వచ్చినవాడి చేత కొనిపించడం ఎలా అని. మాట్లాడేవాళ్ళూ వాళ్ళే, వినేవాళ్ళూ వాళ్ళే.

పరాంకుశం పౌర్ణమికి సభ పెడితే శేషాచలం చతుర్దశికే పెట్టేవాడు. బుల్లెబ్బాయి ఆ రెండు రోజులూ సరిగ్గా ఉపన్యాసం మొదలయ్యే వేళకి చిలగడదుంపలు కాల్పించేవాడు. ఆ వాసనకి విద్వాంసులు సైతం లేచిపోయేవాళ్ళు. పరాంకుశం తన కరపత్రంలో 'అసలైన' అనే మాట చేర్చాడు. శేషాచలం 'ఏకైక అసలైన' అని వేయించాడు. బుల్లెబ్బాయికి చదువు రాదు. ఆ ఇద్దరి కరపత్రాలూ ఏరి తెచ్చి వాటిలోనే దుంపలు వడ్డించాడు.

శాలువాల సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఈ సభలకి ప్రాణం శాలువా. జనపనారతో నేసిన శాలువాలు అడవి మొత్తానికి ఏడే ఉండేవి. వేదిక మీద కప్పించుకున్నవాడు మెట్లు దిగేలోపు వెనకనుంచి ఒకడు లాగేసుకుని ముందుకి పంపేవాడు. అలా ఒకే శాలువా పూటకి తొమ్మిది భుజాలెక్కేది. కప్పించుకున్న ప్రతివాడూ అది తన వ్యాపార దక్షతకి గుర్తింపనే అనుకునేవాడు. దాన్ని ఎవరూ ఉతికినట్టు దాఖలా లేదు.

పరాంకుశం బండి అమ్మి ఎనిమిదేళ్ళయింది. ఆయన దుకాణం గుమ్మంలో ఉమ్మెత్త మొలిచి పూతకొచ్చింది. ఆయన్ని నలుగురూ పలకరిస్తున్నారంటే అది మహాసభ అధ్యక్షుడని. ఆ పదవి పోతే ఆయన ఒట్టి నక్క. ఈ సంగతి ఆయనకి తెలుసు. ఆయన భార్య మంగతాయారుకి ఇంకా బాగా తెలుసు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే సింహం ముగ్గురినీ పిలిపించింది.

"మూడు చోట్లకీ రావడం నావల్ల కాదు," అంది. "పోయినేడు మీ ముగ్గురి సభల్లోనూ నా ఎదుట గడ్డి తప్ప ఏం కనపళ్ళేదు. నేను గడ్డికి గర్జించడానికి పుట్టలేదు. ఈసారి మూడూ కలిపి ఒకటే సభ. నేను మాట్లాడేటప్పుడు నా ఎదుట పీటలన్నీ నిండి ఉండాలి. ఖాళీ కనబడిందా, ఆ రోజుతో సభలూ ఉండవు, మీ అధ్యక్ష పదవులూ ఉండవు. ఆ మైదానం జింకల మేతకి వదిలేస్తాను. జింకలు బలిస్తే నాకూ మంచిదే."

ముగ్గురూ నమస్కారం పెట్టి బయటికొచ్చారు. గుమ్మం దాటాక ఒకరి వంక ఒకరు చూసుకోవడం కూడా వాళ్ళకి కొత్త.

చర్చలు మూడు రోజులు నడిచాయి.

"ఉమ్మడి సభ అన్నాక అధ్యక్షుడు ఒక్కడే ఉండాలి," అన్నాడు పరాంకుశం. "పెద్దవాణ్ణి గనక ఆ భారం నేనే మోస్తాను."

"వయసుదేముందండీ, తాబేలుకీ ఉంటుంది," అన్నాడు శేషాచలం ఒంటికాలి మీద నిలబడి. "చదువు చూడాలి."

"తిండి పెట్టేదెవడు?" అన్నాడు బుల్లెబ్బాయి. "మా దుంపల కోసం మీ సొద వదిలి లేచొస్తున్నారు జనం. నేను లేకపోతే మీ ఇద్దరూ ఒకరికొకరు సన్మానం చేసుకోవాలి."

చివరికి పరాంకుశం ప్రధానాధ్యక్షుడు, శేషాచలం సర్వాధ్యక్షుడు, బుల్లెబ్బాయి మహాధ్యక్షుడు అని తేలింది. మూడింటిలో ఏది గొప్పదో ఎవరికీ తెలీదు గనక అందరూ సంతోషించారు.

ఆ తరవాత వచ్చింది అసలు చిక్కు. ముగ్గురూ తమతమ సభల ఉపాధ్యక్షుల్నీ, కార్యదర్శుల్నీ, సలహాదారుల్నీ జాబితాలు తీశారు.

"కొందరిని తగ్గిస్తే బాగుంటుందేమో," అన్నాడు పరాంకుశం.

"తగ్గించినవాడు ఊరుకుంటాడా?" అన్నాడు శేషాచలం. "మర్నాడే నాలుగో సదస్సు పెడతాడు. మనం ముగ్గురం అట్లా పుట్టినవాళ్ళమే కదండీ."

ఆ మాటలో నిజం ఉంది గనక ఎవరినీ తగ్గించలేదు. నలభై మూడు దుకాణాలకీ నలభై మూడు పదవులు వచ్చాయి. ఆఖర్న మిగిలిన ఏదుపందికి వందన సమర్పణ సంయుక్త సహాయ కార్యదర్శి అనే పదవి సృష్టించారు. పదవి ఉన్నవాడు వేదిక మీదే కూర్చోవాలన్నది మూడు సభల్లోనూ ఉన్న ఆచారం. అన్నిటా కొట్టుకున్న ఆ ముగ్గురూ దానిమీద మాత్రం ఏనాడూ కొట్టుకోలేదు.

పరాంకుశం ఇంటికొచ్చి విజయగర్వంతో చెప్పుకొచ్చాడు. మంగతాయారు వింటూ పేలు చూసుకుంటోంది.

"అందరూ పైనే కూర్చుంటే కింద ఎవరండీ?"

"జనం ఉంటారులేవే."

"ఏ జనం? నలభై మూడు దుకాణాలవాళ్ళ సభకి నలభై నాలుగోవాడు ఎందుకొస్తాడు?"

"సంస్థ నడపడమంటే నీకు తెలీదు," అన్నాడు పరాంకుశం. ఆ మాట ఎప్పుడన్నా ఆవిడ నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వలేదు. ఆయనకి అదే చూసి భయం వేసింది.

సభ రోజు పొద్దున్నే భయం నిజమైంది. వేదిక మూడు అంతస్తులుగా కట్టారు. నలభై ముగ్గురూ తెల్లారకముందే వచ్చి ముందు వరస కోసం తోసుకుంటున్నారు. ఏదుపంది పక్కన మాత్రం ఖాళీ ఉంది. కింద రెండొందల పీటలు వరసగా, శుభ్రంగా, ఒక్క తోక కూడా ఆనకుండా పడి ఉన్నాయి. సింహం బయల్దేరిందని కబురొచ్చింది.

పరాంకుశం మంగతాయారుని తెచ్చి మొదటి పీట మీద కూర్చోబెట్టాడు.

"ఒకటి నిండింది," అంది ఆవిడ.

ఆయన దుకాణాల వీధికి పరుగెత్తాడు. వీధి నిండా జనం. మూడు సదస్సులు కొట్టుకునే రోజుల్లో అందరూ ఒకే సభకి వెళ్ళేవాళ్ళు కాదు, అందుకని ఏదో ఒక దుకాణం తెరిచే ఉండేది. నలభై మూడూ ఒకేసారి మూతపడటం అదే మొదలు. వానల ముందు బండి కొనుక్కుందామని వచ్చినవాళ్ళంతా మూసిన తలుపుల ముందు నిలబడి ఉన్నారు.

"ఏం నాయనా, ఎవరైనా పోయారా?" అంది కుందేలు వరాలమ్మ. "అందరూ ఒక్కసారే మూశారు."

"బండ్లవాళ్ళంతా మైదానంలో ఉన్నారమ్మా. నీడ ఉంది, కూర్చోడానికి పీటలున్నాయి, దుంపలు పెడతారు. రండి, అందరూ రండి."

"బండ్లు చూపిస్తారా?"

"బండ్ల గురించే మాట్లాడతారు," అన్నాడు పరాంకుశం. జీవితంలో ఆయన చెప్పిన నిజాల్లో అదొకటి.

రెండొందల పీటలూ నిండాయి. సింహం వచ్చి చూసి తల ఆడించింది. పరాంకుశానికి ప్రాణం లేచొచ్చింది.

ముందుగా మాట్లాడే హక్కు దుంపలు పెట్టినందుకు బుల్లెబ్బాయికి దక్కింది. ఆయన ఏటేటా చెప్పే ఉపన్యాసం ఒక్కటే. నోటికొచ్చింది అదొక్కటే.

"వర్తక సోదరులారా," అని మొదలెట్టాడు. "చక్రం పగిలిందని దిగులు పడొద్దు. పగుల్లో అరటినార కుక్కి పైన మైనం రాయండి. ఎండలో పెట్టకండి, కరుగుతుంది. నీడలో నిలబెట్టి చూపించండి. ఇరుసు కిర్రుమంటే నాలుగు గంటలు కట్టండి. గంటలు ఉచితం అని చెప్పండి."

వేదిక మీద నలభై ఇద్దరూ చప్పట్లు కొట్టారు. కింద ఎవరూ కొట్టలేదు. వరాలమ్మ పక్కనున్న దుప్పి వంక తిరిగింది.

"నా పాత బండికి ఎనిమిది గంటలు కట్టాడమ్మా," అంది.

పరాంకుశం కిందికి తొంగి చూశాడు. ఇన్నేళ్ళూ పైన చెప్పేవాళ్ళదీ కింద వినేవాళ్ళదీ ఒకే జాతి. ఇవాళ కింద కూర్చున్నవాళ్ళు వేరు. ఈ ముక్క వేదిక మీద ఇంకెవరికీ తట్టినట్టు లేదు. వాళ్ళు కిందికి చూస్తే కదా. ఎవరి శాలువా ఎవరి దగ్గరుందో చూసుకోవడమే సరిపోతోంది.

శేషాచలం లేచాడు. పంది కన్నా తక్కువ చెబితే పరువేం కావాలి?

"మైనాలు, నారలు మోటు పద్ధతులు," అన్నాడు మెడ సాచి. "విక్రయం అనేది మనస్తత్వ శాస్త్రం. కొనేవాడు బేరమాడుతుంటే, 'లోపల యజమానిని అడిగొస్తాను' అని వెళ్ళాలి. లోపల యజమాని ఉండనక్కర్లేదు. మీరే యజమాని. రెండు చేపలు తిని, మొహం దిగాలుగా పెట్టుకుని బయటికి రావాలి. 'మీకోసం నా ఉద్యోగం పణంగా పెట్టాను' అనాలి. వీలైతే కంటతడి."

పరాంకుశం వెనకనుంచి ఆయన రెక్క పట్టి లాగాడు. "ఆపండి శేషాచలంగారూ. కింద ఉన్నది కొనేవాళ్ళు."

"చూశారా సభాసదులారా," అన్నాడు శేషాచలం గొంతు పెంచి. "ప్రధానాధ్యక్షులవారు రెక్క లాగుతున్నారు. ఉమ్మడి సభలో కూడా ఈ ఓర్వలేనితనం పోలేదు."

"నిన్నగాక మొన్న కలిశాం, అప్పుడే మొదలెట్టావా?" అన్నాడు బుల్లెబ్బాయి పరాంకుశంతో. "కూర్చో."

"ఇంకా చెప్పండి," అంది సింహం ముందుకి వంగి. "నాకూ ఒక బండి అమ్మారు మీరు."

ఆ మాట మెప్పు అనుకుని ఒకరి తరవాత ఒకరు లేచారు. ముందువాడు చెప్పిన మోసం కన్నా తరవాతవాడు పెద్దది చెప్పాడు. ముంగిస పాత బండికి కొత్త పీట వేసే విధానం వివరించాడు. కోతి చక్రాల సంఖ్యలోనే తేడా చేసి చూపించాడు. కింద రెండొందల మంది నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. అంత శ్రద్ధగా వినే సభని బండి వర్తకులు పుట్టి ఎరగరు.

పరాంకుశం ఒక్కడే నోరు మూసుకుని కూర్చున్నాడు. తను మాట్లాడకపోతే చాలు, ఎలాగో గట్టెక్కుతుంది అనుకున్నాడు.

"పెద్దాయన ఏమీ చెప్పరేం?" అంది సింహం.

"ఆయనేం చెబుతాడు ప్రభూ," అన్నాడు బుల్లెబ్బాయి దుంప నములుతూ. "బండి అమ్మి ఎనిమిదేళ్ళయింది. దుకాణంలో ఉమ్మెత్త కాయలు అమ్ముతాడేమో."

వేదిక మూడంతస్తులూ ఘొల్లుమన్నాయి. శేషాచలం కూడా నవ్వాడు, ముక్కు అంత పొడుగు పెట్టుకుని.

పరాంకుశం లేచాడు. లేవకూడదని తెలుసు. తెలిసే లేచాడు.

"మైనం రాసేవాడూ, చేపలు తినేవాడూ వర్తకులా?" అన్నాడు. "ఈ వర్తకం నిలబెట్టింది మా తాత. వడ్రంగిపిట్టలు ఏటికి అవతలే ఉన్నాయి. ఎవరికివాళ్ళు దాటి తెచ్చుకుంటే మన నలభై మూడు దుకాణాలూ ఎందుకు? రేవులో మొసలి ఉందని ఎవరూ దాటరు. అవునా? ఆ రేవులో మొసలి లేదు. అది తుమ్మమొద్దు. మా తాత దానికి గురివింద గింజలు కళ్ళుగా పెట్టి వదిలాడు. నీళ్ళు మోకాలి లోతు. ఇంతటి కిటుకు మీలో ఒక్కడి తాతకైనా తట్టిందా?"

వేదిక దద్దరిల్లింది. నలభై ఇద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బుల్లెబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. శేషాచలం స్వయంగా శాలువా కప్పాడు. మూడు సదస్సుల చరిత్రలో ఒకడి గొప్ప ఇంకొకడు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

చప్పట్లు చాలాసేపు మోగాయి. అవి ఆగేసరికి కింద పీటలు ఖాళీగా ఉన్నాయి. రెండొందల మందీ ఏటి దారి పట్టారు. దుంపల కోసం కూడా ఎవరూ ఆగలేదు.

సింహం గర్జించడానికి లేచి ఎదురుగా చూసింది. గడ్డి గాలికి ఊగుతోంది. వెనక్కి తిరిగి మెట్లు దిగింది.

"రేపట్నుంచి జింకల్ని రమ్మనండి," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఏదుపంది తన పదవి ప్రకారం లేచి, విచ్చేసిన అశేష ప్రజానీకానికి వందనాలు సమర్పించాడు.

పొద్దు వాలాక పరాంకుశం ఒక్కడే ఏటి గట్టుకి వెళ్ళాడు. అవతలినుంచి జనం మోకాలి లోతు నీళ్ళలో కొత్త బండ్లు లాక్కుంటూ వస్తున్నారు. తుమ్మమొద్దు మీద కుందేలు పిల్లలెక్కి ఆడుతున్నాయి. వరస చివర మంగతాయారు కనబడింది. ఆవిడా ఒక బండి లాక్కొస్తోంది.

"నువ్వెందుకు వెళ్ళావే?" అన్నాడు పరాంకుశం.

"మొసలి లేదని మీరే చెప్పారుగా. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మీ మాట నమ్మి ఒక పని చేద్దామనిపించింది," అంది ఆవిడ. "కాస్త ఒక చెయ్యి వెయ్యండి, గట్టు ఎక్కాలి."

ఆయన శాలువా నడుముకి బిగించి బండి వెనక చేరి తోశాడు.

దీనివల్ల తెలిసే నీతి ఏమిటంటే, వర్తకులంతా ఏకమయ్యారని విన్నప్పుడు కొనేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, తలో శాలువా కప్పి మాట్లాడమంటే చాలు.