శివాని మేడం కలాథియా

ఆ ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం కూలర్ ముందు చాప పరుచుకుని నిద్రపోవాలని వసంతకుమార్ అనుకున్నాడు. ముందుగదిలో కుండీని చూడగానే ఆ ఆశ పోయింది. అందులోని కలాథియా మొక్క ఆకులు అంచులు మాడి, అప్పడాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి.

మొక్క అతనిది కాదు. అతను పనిచేసే కర్నూలు బ్యాంకు మేనేజరు శివాని మేడంది. ట్రైనింగుకు హైదరాబాదు వెళ్తూ ఆమె స్వయంగా తెచ్చి ఇచ్చింది. "నా బిడ్డ మాదిరి చూసుకుంటా దీన్ని. గాలిలో తేమ లేకుంటే బతకదు. నేను వచ్చినాక మీ ట్రాన్స్‌ఫర్ సంగతి చూస్తా" అంది.

అతని భార్య ప్రసన్నకుమారి జమ్మలమడుగులో టీచరు. పెళ్ళయినప్పటినుంచీ ఆమె అక్కడ, అతను ఇక్కడ. వేసవి సెలవులకు వచ్చింది. బడి తెరిచేలోగా అక్కడికి ట్రాన్స్‌ఫర్ వస్తే ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం చేయొచ్చు.

కానీ మే నెల కర్నూలులో తేమ ఎక్కడినుంచి తెస్తాడు? బోరు నీళ్ళు పోస్తే ఆకుల అంచులు మాడాయి. కూలర్ ముందు పెడితే చుట్టుకున్నాయి. భయపడి క్యాను నీళ్ళు కుమ్మరిస్తే కాడలు పసుపెక్కాయి. దానికితోడు రోజూ చీకటి పడేవేళ ఆకులన్నీ పైకి లేచి నిలబడేవి. ఆ జాతి మొక్క తీరే అంతని అతనికెవరూ చెప్పలేదు.

"చేతులెత్తేసింది ప్రసన్నా" అన్నాడు నీరసంగా.

"చర్చిలో ప్రార్థన చేయించుదాం."

"మొక్కకా?"

"మన ట్రాన్స్‌ఫర్‌కు. మధ్యలో దాని పేరు చెప్తే తప్పేముండాది?"

హడావిడిగా లోపలికి వెళ్తున్న దావీదురాజు పాస్టరును ఆమె చర్చి గుమ్మం దగ్గర ఆపింది. "అయ్యగారూ, మా ఇంట్లో కలాథియా... మేడం బిడ్డ మాదిరి చూసుకునేది... శానా సీరియస్‌గా ఉండాది" అంది సిగ్గుతో గొంతు తగ్గించి. లోపల డోలక్ మోగుతోంది. ఆయనకు 'కలాథియా', 'మేడం బిడ్డ', 'సీరియస్' అన్నవే వినబడ్డాయి.

"కలాథియా అనే పసిబిడ్డ వసంతకుమార్ ఇంట్లో చావుబతుకుల్లో ఉండాది. అందరం మోకరించుదాం!" అన్నాడు మైకులో.

అది మొక్కని చెబుదామని వసంతకుమార్ లేచి నిలబడ్డాడు. వెనకనుంచి జీవమ్మ అనే పెద్దావిడ అతని భుజం పట్టుకుని, "ఏడ్చొద్దు నాయనా, దేవుడుండాడు" అంటూ తనే ఏడ్చేసింది. అతను అట్లే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం నుంచీ ఇంటికి జనం. బ్రెడ్డు, హార్లిక్సు, కొబ్బరిబోండాలు. "నిద్రపోతాండాది" అని ప్రసన్న గుమ్మంలోనే ఆపుతూ వచ్చింది. ఎదురింట్లో ఉండే బ్యాంకు అటెండరు సుంకప్ప ఇదంతా చూసి, విషయం కనుక్కుని, మేడంకు ఫోన్ కొట్టాడు. "మీ కలాథియాకు సీరియస్ అంట మేడం. ఊరంతా ఈడనే ఉండాది."

సాయంత్రం పాస్టరు వచ్చాడు. ఆయన్ని ఆపే ధైర్యం ప్రసన్నకు లేకపోయింది. ఆయన వెంట జనమంతా లోపలికి వచ్చారు.

"బిడ్డ యాడప్పా?"

వసంతకుమార్ తల వంచుకుని కుండీ చూపించాడు. భూమి చీలితే బాగుండుననిపించిందతనికి. పాస్టరు చాలాసేపు మొక్కను చూసి, "ఇదీ ప్రాణమే కదప్పా. వచ్చినాము, చేసేసి పోదాం" అని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడే చీకటి పడుతోంది. ఆకులు ఒక్కొక్కటే పైకి లేచాయి.

"అయ్యగారూ! ఇది కూడా ప్రార్థన చేస్తాండాది!" అని జీవమ్మ అరిచింది. అందరూ దభాలున మోకాళ్ళ మీద పడ్డారు.

గుమ్మంలో శివాని మేడం, ఫోన్ రాగానే హైదరాబాదు నుంచి బయల్దేరి వచ్చి. మాడిన ఆకులు, కిక్కిరిసిన గది. అయిపోయింది, ట్రాన్స్‌ఫర్ గంగలో కలిసిందనుకున్నాడు వసంతకుమార్. ఆమె నెమ్మదిగా వచ్చి కుండీ పక్కన కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు.

"మా ఆయన దీన్ని గడ్డి అంటాడు. మీరేమో దీనికోసం ఇంతమందిని పిలిపించినారు!"

వసంతకుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. "మేడం, మరి నా ట్రాన్స్‌ఫర్..."

"రేపే పంపుదామనుకున్నా. కానీ ఇట్లాంటి మనిషిని జమ్మలమడుగుకు ఎట్ల వదిలేది? నేనుండేంత కాలం మీరు నా బ్రాంచిలోనే" అంది ఆప్యాయంగా.

బడి తెరిచే ముందురోజు ప్రసన్న ఒక్కతే జమ్మలమడుగు బస్సెక్కింది.

కలాథియా ఆ వారమే కొత్త ఆకు వేసింది.