రంగుల ప్రసాద్ నలుపు తెలుపు

ఫిల్మ్‌నగర్‌లో వరప్రసాద్ అంటే ఎవరికీ తెలియదు. రంగుల ప్రసాద్ అంటే వాచ్‌మన్ కూడా దారి చూపిస్తాడు. సినిమాలకు రంగులు దిద్దడం ఆయన పని. నిర్మాత "గడ్డి ఇంకా పచ్చగా" అంటే, ఆవు కూడా నమ్మనంత పచ్చగా చేసేవాడు.

అలాంటి మనిషి ఓ సాయంత్రం జూబ్లీహిల్స్‌లోని చిన్న గ్యాలరీలో ఒక నలుపు తెలుపు ఫొటో చూశాడు. ఓ బండ, వెనక మబ్బు. అంతే. మంటపుట్టే కళ్ళ మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది. తనూ అలాంటిదొక్కటి తీస్తే ఈ జన్మకి చాలనుకున్నాడు.

భార్య భువనతో "డాక్టరు నడవమన్నాడు" అని చెప్పి, కొత్త కెమెరాను తువ్వాల్లో చుట్టుకుని, పొద్దున్నే షేక్‌పేట వైపు బండలెక్కడం మొదలుపెట్టాడు.

బండలైతే ఉన్నాయి. ఏ బండ వెనక చూసినా అపార్ట్‌మెంటే. అది తప్పిస్తే క్రేను. క్రేను తప్పిస్తే హోర్డింగు మీద తాను రంగు దిద్దిన హీరోగారి బుగ్గలు.

"నడిస్తే కాళ్ళు నొప్పెడతాయి గానీ, మోచేతులు గీరుకుపోవడమేంటండీ?" అంది భువన.

"చేతులు ఊపుతూ నడవమన్నాడు."

"గోడలకేసి ఊపమన్నాడా?"

ఆయన కాఫీ కప్పులో మొహం దాచుకున్నాడు.

"రేపు నేనూ వస్తాను," అందామె.

మర్నాడు బండ మీద తువ్వాలు విప్పక తప్పలేదు. కెమెరా చూసి భువన తువ్వాలు దులిపి మడతపెట్టింది. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది.

"కొంచెం జరుగు. ఫ్రేములోకి వస్తున్నావు."

జరిగింది.

"ఇంకొంచెం."

"ఇంకా జరిగితే యూసుఫ్‌గూడలో తేలతాను."

మబ్బెక్కడుందో చూద్దామని, "ఏదీ నొక్కకు" అంటూ కెమెరా ఆమె చేతికిచ్చి, ఆయన బండ చివరికెక్కి చాలాసేపు నిలబడ్డాడు. మబ్బు రాలేదు.

తీసినవన్నీ పట్టుకెళ్ళి, గ్యాలరీ నడిపే స్ఫూర్తికి చూపించాడు. ఆ అమ్మాయి బండ తర్వాత బండ దాటేసుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగిపోయింది.

"ఇది గోడకి పెడదాం సార్. ఎంత దిగులుందో ఇందులో. ఎలా తీశారు?"

పెద్ద బండ. దాని అంచున వేలెడంత బట్టతల మనిషి, ఇటు వీపు పెట్టి, ఖాళీ ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఎవరి వీపు వాళ్ళు ఫొటో తీసుకోలేరు కదా.

"మా ఆవిడ తీసింది," అన్నాడు మెల్లగా.

ఇంటికొచ్చి అడిగాడు. "ఏదీ నొక్కద్దన్నానా?"

"అన్నారు."

"మరి?"

"పెళ్ళైనప్పట్నుంచీ నేను చూస్తున్నది ఆ వీపేనండీ. ఇన్నాళ్ళూ స్టూడియోలో తెర వైపు, ఇప్పుడు బండల వైపు. ఇటెప్పుడు తిరుగుతారా అని చూసి చూసి, నొక్కేశాను."

ఆయన ఏం చెయ్యాలో తోచక కెమెరా తీసి ఆమె ముందు పెట్టాడు. భువన దాన్ని కంటికి ఆనించుకుంది.

"ఇటు తిరగండి."

తిరిగాడు. ఊళ్ళో వాళ్ళ ముఖాలన్నిటికీ రంగు దిద్దిన మనిషికి, సొంత ముఖం ఎలా పెట్టాలో తెలియలేదు.

"అలాగే ఉండండి," అంది భువన. చాలాసేపటిదాకా నొక్కలేదు.