హెచ్చవేస్తే హెచ్చాలి కదా!

పిల్లలు ప్రశ్నలడగడం ఒక రోగం. ఇన్నాళ్లకు దానికి మందు దొరికింది! మింగక్కర్లేదు, పూయక్కర్లేదు. గోడకు తగిలించి కరెంటు పెడితే చాలు. దాని పేరు స్మార్ట్ బోర్డు.

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. నాకు చదువు అంతంతమాత్రం. తాళాలు బాగుచేసుకుని బతికేవాణ్ని. అయినా మా అమ్మాయి బడిలో జరుగుతున్న విప్లవం చూశాక నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోయాను.

మా అమ్మాయిని ఇంట్లో అందరం ‘ఎందుకమ్మ’ అంటాం. అందరి పిల్లలూ మొదట ‘అమ్మ’ అంటారు. ఇది ‘ఎందుకు’ అంది. తాళంచెవి ఎందుకు తిరుగుతుంది? తాత ఎందుకు గురక పెడతాడు? ఆ గురక తాతకెందుకు వినపడదు? దీని ధాటికి తట్టుకోలేక మా ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగిన సందర్భాలున్నాయి!

అలాంటి పిల్ల ఇప్పుడు నోరు మెదపడంలేదు. బోర్డు మహిమ కాకపోతే మరేమిటి?

పూర్వం సందేహం వస్తే పిల్లలు చెయ్యెత్తేవారు. ఎంత మొరటు పద్ధతి! ఎత్తినవాడికి భుజం నొప్పి, పక్కవాడికి కంట్లో వేలు. ఇప్పుడు తలా ఒక ట్యాబ్ ఇచ్చారు. అందులో చెయ్యి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే టీచరమ్మ తెరమీద చెయ్యి లేస్తుంది. వెంటనే జవాబు కూడా వస్తుంది: ‘మీ చెయ్యి వరుసలో ఉంది. దయచేసి వేచి ఉండండి.’

భిన్నాల పాఠంలో మా అమ్మాయి చెయ్యి లేచింది. భిన్నాలు అయిపోయాయి, దశాంశాలు వచ్చాయి, చెయ్యి దిగలేదు. ఆదివారం చూద్దును కదా, పిల్ల ఇంట్లో కూర్చుని అన్నం తింటోంది, చెయ్యి మాత్రం బడిలో నిలబడి ఉంది! ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి?

టీచరమ్మను అనడానికేమీ లేదు. ఆవిడకు ఊపిరి పీల్చుకునే తీరికేదీ? పాఠం మొదలైనట్టు ఒక బటన్ నొక్కాలి. పిల్లలు ఆనందిస్తున్నట్టు ఇంకో బటన్ నొక్కాలి. ఆనందిస్తున్న పిల్లల ఫొటో పై ఆఫీసుకు పంపాలి. వెనక బెంచీలోని ఆవలింతల వీరుడు ఫొటోలో నోరు తెరిస్తే మళ్లీ మొదటికొచ్చి ఆనందించాలి. ఇదంతా అయ్యేసరికి గంట కొడతారు. పిల్లలు చేతులెత్తారు, టీచరమ్మ చేతులెత్తేసింది. లెక్క సరిపోయింది!

“ఇంతకీ నీ సందేహమేంటే?” అంది మా ఆవిడ.

“హెచ్చవేయడమంటే ఎక్కువ చేయడమే కదమ్మా? మరి పదిని సగంతో హెచ్చవేస్తే ఐదే వచ్చిందెందుకు? హెచ్చవేస్తే హెచ్చాలి కదా!”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఆకురాయి తీసుకుని, బాగానే ఉన్న తాళంచెవిని అరగదీయడం మొదలుపెట్టాను. నేను బడి మానేసింది సరిగ్గా ఆ లెక్క దగ్గరే! ఇదే మాట అడిగితే మా మాస్టారు నా వీపు మీద హెచ్చవేసి చూపించాడు. అక్కడ మాత్రం బాగానే హెచ్చాయి.

“ట్యాబ్‌ని అడుగమ్మా,” అన్నాను.

అడిగింది. తెరనిండా బెలూన్లు లేచాయి. ‘శభాష్! చక్కని ప్రశ్న! మీకు మూడు నక్షత్రాలు!’

“జవాబేదండీ?” అంది మా ఆవిడ.

“నక్షత్రాలిచ్చిందిగా!”

మా రోజుల్లో బెత్తం పట్టుకుని పట్టపగలే చుక్కలు చూపించేవారు. ఇప్పుడు ఒంటిమీద చెయ్యి పడకుండా తెరమీదే చూపిస్తున్నారు. దీన్ని ప్రగతి అనక ఇంకేమంటారు?

“పోనీలే నాన్నా. ‘అర్థమైంది’ నొక్కితే ఐదిస్తుంది,” అంటూ పిల్ల నొక్కేసింది. ఆనాటి నుంచి అన్నిటికీ అదే నొక్కుతోంది. ఇప్పుడు క్లాసులో దానిదే ఫస్టు. ఇంట్లో దాని గొంతు వినపడటం లేదు. ఆ ప్రశాంతతకు నాకు అన్నం సయించడం మానేసింది, అది వేరే సంగతి.

ఇలా ఉండగా, తల్లిదండ్రులు కళ్లారా చూసి తరించాలని హెడ్మాస్టారు ప్రదర్శన పెట్టారు. మమ్మల్ని వెనక బెంచీల్లో ఇరికించి, “ఇప్పుడు భిన్నాల పాఠం లైవ్‌లో చూడండి!” అని బటన్ నొక్కారు.

‘అప్‌డేట్ జరుగుతోంది. ఆపవద్దు,’ అంది బోర్డు. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది.

హెడ్మాస్టారు బోర్డును నిమిరారు, తట్టారు, ఒకటి అంటించారు. “తాళాలాయనా, మీరోసారి చూడండి,” అన్నారెవరో. వెళ్లి చూశాను. తాళంచెవి పెట్టే కంత కనపడలేదు. వచ్చి కూర్చున్నాను. హెడ్మాస్టారు ఫోను చెవికి ఆనించుకుని బయటికి పరుగెత్తారు.

గదిలో ఇక నొక్కడానికి ఏమీ లేదు. అప్పుడు లేచిందండీ ఒక చెయ్యి! ఎముకా కండా ఉన్న చెయ్యి. తుప్పుపట్టిన గడియలా మెల్లగా లేచింది.

“టీచర్, హెచ్చవేస్తే హెచ్చాలి కదా?”

టీచరమ్మ తిరుగుతున్న చక్రాన్ని చూసింది, పిల్లను చూసింది. “అమ్మయ్య! ఒక్కళ్లయినా అడిగారు. ఇటు రామ్మా. ఈ కాగితాల్లోంచి ఒక్కోటి చొప్పున రెండుసార్లు తీసుకో. ఎన్నొచ్చాయి?”

“రెండు.”

“ఒకసారే తీసుకుంటే?”

“ఒకటి.”

“అరసారి తీసుకో.”

పిల్ల కాగితాన్ని సగానికి చించి, కాసేపు దాన్నే చూసి, గదంతా అదిరేలా అరిచింది: “ఒక్కసారి కూడా పూర్తిగా తీసుకోలేదు! అందుకే తగ్గింది! మరి హెచ్చవేత అనెందుకన్నారు టీచర్?”

“ఆ పేరు పెట్టినాయన సగాల దాకా వెళ్లలేదులే!”

క్లాసంతా గొల్లుమంది. “ఓహో!” అని తొడ చరిచింది మాత్రం నేనే. మిగతా తల్లిదండ్రులు జాలిగా చూశారు. ఆవలింతల వీరుడితో సహా అందరి చేతులూ లేచాయి. టీచరమ్మ ఎవరికి చెప్పాలో తెలియక నవ్వుతోంది. చూశారా, ఒక్క పిల్లకు తిరగబెట్టిన రోగం ఊరంతా ఎలా అంటుకుందో!

దేవుడి దయవల్ల అప్‌డేట్ పూర్తయింది. “నిశ్శబ్దం! సిస్టమ్ వచ్చేసింది!” అంటూ హెడ్మాస్టారు పరుగున వచ్చారు. చేతులన్నీ దిగిపోయాయి. బోర్డు మీద బెలూన్లు ఎగిరాయి, వాటి కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ‘గత పావుగంటగా ఈ తరగతిలో బోధన జరగలేదు.’

దారి పొడవునా ఎందుకమ్మ నా చెయ్యి పట్టి లాగుతూనే ఉంది. “నాన్నా, అప్‌డేట్ ఎందుకొస్తుంది? రోజూ ఎందుకు రాదు? మళ్లీ ఎప్పుడొస్తుంది?”

నాకేం తెలుసు? ఇంటికెళ్లగానే ట్యాబ్ తెరిచి, నేనే చెయ్యి బొమ్మ నొక్కాను.

వరుసలో ఉన్నానట.