రంగు చూసి సర్దిన మందులు

ఆ ఉదయం మందుల షాపుకు ఇన్‌స్పెక్టర్ రావాల్సి ఉంది. ఆయన సంతకం పెడితే లైసెన్సు ఉంటుంది, లేదంటే షట్టరు దిగుతుంది. షాపు ఓనరైన మామగారు చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి వెళ్తూ, సర్దే పనిని కొత్తగా ఫార్మసీ కోర్సు ముగించిన అల్లుడికి అప్పగించారు.

అల్లుడు సర్దాడు. ఎలా అనుకున్నారు? పేర్ల వరుసనా, రోగాల వరుసనా? ఛ, రంగుల వరుసన! తెల్ల డబ్బాలు పైన, నీలం మధ్యన, ఎర్రవి కింద. షాపు కాస్తా బట్టల కొట్టులా తయారైంది. గుండెమంట మాత్రలు ఏళ్ల తరబడి ఉన్న చోట ఇప్పుడు ఒంట్లో నీరు లాగేసే మాత్రలు తిష్ఠ వేశాయి.

మామగారికేమో డబ్బా మీద పేరు చదవడం నామోషీ. "నా చేతికే కళ్లున్నాయి అల్లుడుగారూ," అంటారు. ఇస్త్రీ చొక్కాతో ఆయన తిరిగొచ్చారో లేదో ఇన్‌స్పెక్టర్ కారు ఆగింది, కంగారుకు గుండెల్లో మంట మొదలైంది. అలవాటైన చోట చెయ్యి పెట్టి, అందిన అట్టలోంచి ఓ మాత్ర మింగేశారు.

"మందు ఇచ్చే ముందు పేరు, మోతాదు, గడువు చదవాలి. ఇవి ఓనమాలు!" అంటూ ఇన్‌స్పెక్టర్ ఉపన్యాసం అందుకున్నాడు. మధ్యలో ఛాతీ రుద్దుకుంటూ, "పొద్దున్నుంచీ ఒకటే మంటండీ," అన్నాడు.

"అయ్యో, ముందే చెప్పరేం!" మామగారు అదే అట్టలోంచి ఒకటి తుంచి ఇచ్చారు. ఓనమాలు వల్లించిన నోరే దాన్ని గుటుక్కున మింగింది.

కాసేపటికి మామగారు బాత్రూముకు వెళ్లారు. వచ్చారు. మళ్లీ వెళ్లారు. గడువు తీరిన మందులేవని అడిగితే పరుగు, ఫ్రిజ్జులో పెట్టాల్సినవేవని అడిగితే పరుగు.

"మీ మామ లోపలేదో దాస్తున్నాడు!" ఇన్‌స్పెక్టర్ బాత్రూము తలుపు దబదబా బాదాడు. "తియ్యండి! షాపు మూయించేస్తాను!"

అల్లుడు అట్ట తిప్పి చూసి నీరుగారిపోయాడు. "సార్, ఇది ఒంట్లో నీరు లాగే మాత్రండీ. మీరు చదివే మింగారనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ ముఖం పాలిపోయింది. బాదుడు ఆగలేదు గానీ గొంతు మారింది. "పెద్దాయనా... కాస్త తొందరగా రండి బాబూ."

"మరి లైసెన్సో?" లోపలి నుంచి మామగారు.

"రేపు చూద్దాం!"

"అయితే నేనూ రేపే బయటికొస్తాను."

అల్లుడు లైసెన్సు కాగితమూ పెన్నూ అందించాడు. ఇన్‌స్పెక్టర్ కాళ్లు మెలేసుకుని, కాగితాన్ని తలుపుకే ఆనించి సంతకం గీకాడు. గడియ కదిలింది.

ఆ కాగితంలో ఏం రాసుందో ఆయన చదవలేదు.