ఎగిరే గుర్రానికి ఎత్తంటే భయం

ఆ ఆదివారం కళ్ళజోళ్ళ షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తను ఆ వయసులో తిండి మానేసి చదివిన నవల మొదటి అధ్యాయం చదివి వినిపించడం. ఎగిరే గుర్రం, మాయాద్వీపం, రాక్షసుడి కోట ఉన్న లావుపాటి నవల అది. ఆ పిల్లకు పుస్తకమంటే ఆవలింతలు. ఇది కూడా నచ్చకపోతే తన చిన్నతనాన్ని ఆమెకు చూపించే దారే ఉండదని ఆయన దిగులు.

అటక మీంచి దించి, దుమ్ము దులిపి, పుస్తకం తెరిచాడు. అక్షరాలు చీమల్లా పాకాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు అచ్చును తిట్టాడు, తర్వాత అటక చెమ్మను, ఆ తర్వాత బల్బును. బల్బు మార్చినా చీమలు కదల్లేదు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నది ఆయన పెట్టిన జోడే. అయినా షాపులో పెద్ద లైటు కింద భూతద్దంతో పని చేసుకునే మనిషికి, తన కళ్ళను అనుమానించాలని తోచలేదు. పైగా ఆ నవలలోనే ఒక మాయపుస్తకం ఉంది. మనసు ముదిరినవాళ్ళకు అది అక్షరాలు చూపించదు. ‘నాకూ తలుపేసేసింది’ అనుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

“ఏంటి నాన్నా, చదవవా?”

“చదువుతున్నాగా! అనగనగా ఒక గుర్రం. దానికి రెక్కలున్నాయి. కానీ... దానికి ఎత్తంటే భయం.”

ఆ ముక్క ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆయనకే తెలియదు. పిల్ల పకపకా నవ్వి దగ్గరికి జరిగింది. ఇక ఆయన్ను పట్టేవాళ్ళు లేరు. గుర్రం కళ్ళు మూసుకుని ఎగిరి రాక్షసుడి పెరట్లో ఆరేసిన దుప్పట్లలో చిక్కుకుంది. పెళ్ళాం తిడుతుందని రాక్షసుడు దాన్ని మంచం కింద దాచాడు. నమ్మకం కోసం ఆయన మధ్యమధ్య పేజీలు తిప్పాడు.

పిల్ల ఊరుకుంటుందా? మరుసటి ఆదివారానికి వీధిలో పిల్లలంతా హాల్లో చేరారు. వాళ్ళ వెనకే పై వాటా టీచరమ్మ, చేతిలో అదే నవలతో దిగింది.

“అన్నయ్యగారూ, చిన్నప్పుడు ఈ పుస్తకమంటే నాకు ప్రాణం. మీరు చదవండి, నేను నా కాపీలో చూసుకుంటూ వింటా.”

ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. అయినా పిల్లల ముందు వెనక్కి తగ్గలేక కథ కొనసాగించాడు.

“ఏ పేజీ అన్నయ్యగారూ?”

“అదే... కొంచెం ముందుకెళ్ళండి.”

“లేదే?”

“అయితే కొంచెం వెనక్కి రండి.”

ముందుకూ వెనక్కూ తిరిగి తిరిగి టీచరమ్మ ముఖం చిన్నబోయింది. “ఇన్నేళ్ళూ ప్రాణంలా దాచుకున్నాను. సగం పుస్తకం అంటగట్టారన్నమాట!”

ఆమె తిన్నగా అది కొన్న పుస్తకాల షాపుకెళ్ళి దులిపేసింది. ఆ షాపతను అసలే పౌరుషం మనిషి. తర్వాతి ఆదివారం ఆమెతో పాటు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇది మా నాన్న చేత్తో అమ్మిన పుస్తకమండీ! ఒక్క పేజీ తగ్గినా షాపు మూసేస్తా. మీ కాపీలో ఆ గుర్రం భయపడ్డ చోటు చదవండి, వింటాను.”

పిల్లలంతా చూస్తున్నారు. ఆయన పుస్తకం తెరిచి దూరంగా పట్టుకున్నాడు. ఇంకొంచెం దూరం జరిపాడు. చెయ్యి అయిపోయింది గానీ అక్షరం కనబడలేదు.

“ఏమండీ, వీధి చివర నిలబడి పట్టుకోనా?” అంది భార్య, నవ్వు ఆపుకోలేక. “మీకు చత్వారం! పుస్తకానికి ఏ రోగమూ లేదు.”

దీపం కిందే చీకటి. కూతురు మాత్రం నవ్వలేదు.

“అయితే ఆ కథ నువ్వే అల్లేశావా?”

“కనబడలేదు తల్లీ. చెబితే ఈ పుస్తకం ముట్టుకోవేమోనని...” ఆయన తల దించుకున్నాడు.

భార్య కింది షాపులోంచి ఒక జోడు తెచ్చి ముక్కు మీద పెట్టింది. చీమలు బుద్ధిగా వరసకట్టి అక్షరాలయ్యాయి. మొదటి వాక్యాన్ని ఆయన వేలితో తడిమి చూశాడు. పుస్తకం తలుపేసుకోలేదు. చిన్నప్పుడు వదిలిపెట్టిన చోటే ఆ గుర్రం ఆయన కోసం నిలబడి ఉంది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాడు. గుర్రం భయమన్నది లేకుండా సముద్రం దాటింది. టీచరమ్మ కళ్ళొత్తుకుంది. పుస్తకాల షాపతని పరువు దక్కింది. వెనక వరసలో ఒక పిల్లాడు మాత్రం ఆవలించాడు.

కూతురు లేచి వచ్చి పుస్తకం మెల్లగా లాక్కుంది. “ఇదీ బావుంది నాన్నా. దీన్ని నేనే చదువుకుంటాలే. నువ్వు ఆ జోడు తీసేసి చెప్పు, రాక్షసుడి పెళ్ళాం మంచం కింద చూసిందా లేదా?”

“అవును అన్నయ్యగారూ, చూసిందా?” అంది టీచరమ్మ, తన కాపీ మూసేసి. పుస్తకాల షాపతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

ఊళ్ళో అందరినీ జోడు పెట్టుకోమని పోరే ఆ మనిషి, ఇప్పుడు ఆదివారం వస్తే ముందు తన జోడు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు.